బొమ్మరైలు గదిలో దుమ్ము



ఈ నెల మీకొక రైలు సంగతి చెబుతాను. ఈ రైలు పట్టాలమీద నడుస్తుంది, వంతెన దాటుతుంది, స్టేషనులో ఆగుతుంది. కాని దీని ఇంజను జానెడు కన్న పొడవుండదు. ఒకనాడు ఈ రైలు గోదావరి వంతెన మధ్య ఆగిపోయింది. దానిని ఆపినది ఎర్రజెండా కాదు, సిగ్నలూ కాదు. దుమ్ము!

రాజమండ్రిలో మా ఎదురింట్లో ఒక పెద్దాయన ఉన్నారు. రైలు డ్రైవరుగా పనిచేసి రిటైరైనారు. కుర్రతనంలో బొగ్గు ఇంజనులో ఫైర్‌మన్‌గా చేరి, తరవాత డీజిలు ఇంజన్లూ, కరెంటు ఇంజన్లూ నడిపారు. మా ఊరి పాత గోదావరి వంతెనమీద ఎన్నిసార్లు వెళ్ళారో ఆయనకే లెక్క తెలియదు. హావ్‌లాక్ వంతెన అని పేరుగల ఆ వంతెన 1900లో పూర్తి అయింది. దానికి వయసు మళ్ళిందని 1997లో దానిమీద రైళ్ళు నడపటం మానేశారు. వంతెన మాత్రం ఇంకా నిలిచి ఉన్నది. సాయంత్రం గట్టున కూర్చుని దానికేసి చూడటం డ్రైవరుగారికి అలవాటు.

ఆయన తన మనవరాలికీ మనవడికీ, మేడమీద గదిలో, ఆ వంతెన నమూనా కట్టి ఇచ్చారు. మనవరాలు ఏడో తరగతి చదువుతున్నది. మనవడు నాలుగో తరగతి. నమూనా అంటే ఏదో అట్టముక్కలతో అతికించినది కాదు. నిజమైన వస్తువుకు 87వ వంతు ఉండాలని కొలతవేసి కట్టినది. ఈ కొలతను హెచ్. ఓ. స్కేలు అంటారు. దేశదేశాల్లో ఇళ్ళలో బొమ్మరైళ్ళు పెట్టుకునేవారు ఎక్కువగా వాడేది ఇదే. జర్మనీలోని హాంబర్గు నగరంలో 2001లో తెరిచిన ప్రఖ్యాతమైన బొమ్మరైళ్ళ ప్రదర్శన కూడా ఈ కొలతలోనిదే.

మనం ఒక చిన్న లెక్క చేద్దాం. స్తంభానికీ స్తంభానికీ నడుమ ఉండే భాగాన్ని ఖానా అంటాము గదా. హావ్‌లాక్ వంతెనకు 56 ఖానాలు. ఒక్కొక్కటి సుమారు 150 అడుగులు. దానిని 87 చేత భాగిస్తే, కాస్త అటూ ఇటూగా అడుగున్నర పైన రెండున్నర అంగుళాలు వస్తుంది. మొత్తం 56 ఖానాలూ కట్టాలంటే 96 అడుగుల పొడవైన గది కావాలి! డ్రైవరుగారి గది పొడవు పదహారు అడుగులే. అంచేత ఆయన ఆరు ఖానాలు మాత్రం కట్టి, "మిగతా యాభై మీరు ఊహించుకోండర్రా," అన్నారు.

వంతెన కింద చెక్కమీద నీలం రంగు వేసి గోదావరి చేశారు. నది అవతల ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో కొండ. కొండమీద గడ్డి బదులు, ఆకుపచ్చ రంగు కలిపిన రంపపు పొట్టు. రైలు గోదావరి దాటేటప్పుడు ప్రయాణీకులు నీళ్ళలో డబ్బులు వేయటం మీరు చూసే ఉంటారు. చిన్నవాడు గూడా మొదటి రైలు నడిచిన రోజున ఆ నీలపు గోదావరిలో ఒక రూపాయి వేశాడు. దానిని ఎవరూ తీయరాదని నియమం పెట్టాడు.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. తరవాత రైలు ఆగటం మొదలుపెట్టింది. మూడో ఖానామీదికి రాగానే ఇంజను దీపం మినుకు మినుకుమనేది, ఒక కుదుపు, అంతే, నిలిచిపోయేది. వేలితో నెడితే రెండడుగులు పోయి మళ్ళీ ఆగేది. దుమ్మువల్లనే ఇట్లా అవుతున్నదని డ్రైవరుగారు గ్రహించి, ప్రతి ఆదివారమూ ఉదయం చీపురు పుచ్చుకుని గది అంతా ఊడ్చి, ఫ్యాను రెక్కలు దులిపి, గుడ్డతో కొండలు విదిలించేవారు. ఆయనకు దగ్గు ఉన్నది. బొగ్గుపొడి పీల్చిన ఊపిరితిత్తులు గదా! ఊడ్చిన రోజున ఆ దగ్గు రాత్రి వేళకు ఆయాసంలోకి దిగేది.

పోయిన వేసవిలో ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. "మీకు దుమ్ము సరిపడదు. ఆ గదిలోకి వెళ్ళకండి," అన్నాడు డాక్టరు. పిల్లల తండ్రి ఆ సాయంత్రమే నాలుగు అట్టపెట్టెలు తెచ్చి మేడమెట్ల దగ్గర పెట్టాడు. సెలవులు అయేలోగా రైలంతా విప్పి పెట్టెల్లో సర్దాలన్నాడు. అతన్ని తప్పుపట్టటానికి వీల్లేదు. తండ్రి ఊపిరి ముఖ్యమా, బొమ్మరైలు ముఖ్యమా?

డ్రైవరుగారు ఏమీ అనలేదు. "సరేలే, ఈ వంతెన కూడా రిటైరవుతుంది," అన్నారుట. పిల్లలిద్దరూ ఆ మాట వినలేక నా దగ్గరికి పరిగెత్తుకు వచ్చారు.

ఇక నా ఘనకార్యం చెబుతాను, వినండి. నేను గదిలో అడుగుపెట్టి, నాలుగు పక్కలా చూసి, "ఇదంతా వీధి దుమ్ము. ఇసుక లారీలు పోతున్నాయిగా! కిటికీలు మూసెయ్యండి," అని తీర్పు చెప్పాను. తరవాత వడ్రంగులు చెక్క నునుపుచేసే ఉప్పుకాగితం తెప్పించి, పట్టాలు తళతళలాడేటట్టు రుద్దించాను. రైలు జుయ్యిమని పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకూ కొంచెం గర్వం కలిగింది.

పది రోజులకు రైలు మునుపటికన్న అన్యాయంగా ఆగటం మొదలుపెట్టింది!

ఎందుకని? కారణం తెలియాలంటే ఈ రైలు ఎట్లా నడుస్తుందో తెలియాలి. దాని ఇంజనులో చిన్న కరెంటు మోటారు ఉంటుంది. కరెంటు ఒక పట్టాలోంచి చక్రాలద్వారా మోటారులోకి వచ్చి, రెండవ పట్టాలోకి పోతుంది. దాని బలం 12 వోల్టులకు మించదు గనక పిల్లలకు అపాయం లేదు. అయితే గుండ్రని చక్రం, బల్లపరుపుగా ఉన్న పట్టాను ఎంత మేర తాకుతుంది? సూదిమొన అంత చోటనే. ఆ కాస్త చోట ఒక దుమ్ము రేణువు అడ్డుపడితే కరెంటు తెగిపోతుంది. తెగినప్పుడల్లా కంటికి కనబడనంత చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వవల్ల, ఇంజనులోంచి కారే నూనెవల్ల, దుమ్మువల్ల పట్టామీద నల్లని మకిలి పేరుకుంటుంది. నేను ఉప్పుకాగితంతో రుద్ది ఆ మకిలి తీసిన మాట నిజమే. కాని పట్టామీద వేలకొద్దీ సన్నని గీతలు పెట్టాను. ప్రతి గీతా కొత్త మకిలి దాక్కునేందుకు ఒక చాళ్లు అయింది. నా వైద్యమే రోగాన్ని పెంచింది!

"పెద్ద రైలు పట్టాలమీద ఎంత దుమ్ముండదూ? అది ఆగదేం?" అని అడిగాడు చిన్నవాడు.

ఇందుకు డ్రైవరుగారు నవ్వి, "ఆగటమా! వానలో పట్టాలు తడిసి చక్రాలు జారుతుంటే, మేమే ఇంజనులోంచి పట్టాలమీద ఇసుక వదిలేవాళ్ళం. ఇసుక పడితే చక్రం గట్టిగా పట్టుకునేది," అన్నారు.

చూశారా, పెద్ద రైలుకు ఇసుక స్నేహితుడు, చిన్న రైలుకు దుమ్ము శత్రువు! ఎందుకంటే, నిజం ఇంజను పొడవూ, వెడల్పూ, ఎత్తూ మూడూ 87వ వంతుకు తగ్గితే, దాని బరువు 87ను మూడుసార్లు హెచ్చవేసినంతగా, అంటే ఆరున్నర లక్షల రెట్లకు పైగా తగ్గుతుంది. మన దేశంలో ఎన్నో ఏళ్ళు పనిచేసిన డబ్ల్యు.డి.ఎం.-2 అనే డీజిలు ఇంజను బరువు 112 టన్నుల పైచిలుకు. ఆ లెక్కన దాని బొమ్మ బరువు సుమారు 170 గ్రాములే కావాలి. పెద్ద ఇంజను దుమ్మును నలిపి పారేస్తుంది. చిన్న ఇంజను దానిమీదికి ఎక్కి కూర్చుంటుంది.

ఇంకొకటి చూడండి. రైలును చిన్నది చేశాం గాని, దుమ్మును చిన్నది చెయ్యలేదు! అర మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ రైలు లోకంలో నాలుగు సెంటీమీటర్ల పైన ఉన్న రాయి. ఒక సెంటీమీటరు దూదిపోగు, మూరన్నరను మించిన మోకు. అటువంటి మోకులు ఇరుసులకు చుట్టుకుంటే ఏ ఇంజను లాగగలదు?

సరే, ఉప్పుకాగితం సంగతి తేలింది. "కాని కిటికీలు మూసే ఉంచాం గదా, దుమ్మెందుకు తగ్గలేదు?" అని నేను తల గోక్కున్నాను. అప్పుడు పెద్దపిల్ల మెల్లిగా, "మాష్టారూ, అది వీధి దుమ్మేనని మీకెట్లా తెలుసు?" అన్నది.

నాకు సమాధానం తోచలేదు. చూడకుండా ఏ మాటా నమ్మకండని బడిలో ఎన్నో ఏళ్ళు పిల్లలకు చెప్పినవాణ్ణి. నేను చూసినది వీధిలో లారీలను. గదిలోని దుమ్మును కాదు!

ఆ సమయానికి చిన్నవాడు ఒక పని చేశాడు. గోదావరిలో తాను వేసిన రూపాయిని, అట్టపెట్టెలో దాచుకుందామని, చేత్తో తీశాడు. రూపాయి ఉన్నచోట చక్కని నీలపు వలయం కనబడింది. చుట్టూ ఉన్న నది అంతా బూడిద రంగు! రోజూ చూస్తూండటంవల్ల మాలో ఎవరికీ నది రంగు మారినట్టే తెలియలేదు. దుమ్ము అట్లాంటిది. అది పడటం కనబడదు. పడనిచోటు చూసినప్పుడే పడినట్టు తెలుస్తుంది.

"అయితే పడనివ్వకుండా పట్టుకుని చూద్దాం," అన్నాను. ఐర్లండులో పుట్టిన జాన్ టిండాల్ అనే శాస్త్రజ్ఞుడు నాకు జ్ఞాపకం వచ్చాడు. ఆయన చీకటిగదిలో వెలుతురు కిరణాన్ని ప్రసరింపజేసి, గాలిలో తేలే ధూళిని పరీక్షించాడు. ఆ విషయం గురించి 1870లో లండనులో ఉపన్యాసం కూడా ఇచ్చాడు. తరవాత చేసిన పరీక్షల్లో ఆయన ఒక పెట్టె లోపలి వైపున జిగటగా ఉండే గ్లిజరిన్ పూసి, కొన్ని రోజులు కదల్చకుండా ఉంచాడు. గాలిలోని ధూళి అంతా నెమ్మదిగా దిగి ఆ జిగటకు అంటుకున్నది. పెట్టెలోకి కిరణం పంపితే అది కనబడనేలేదు! గాలి అంత శుభ్రపడిందన్నమాట.

మేము పెట్టె చెయ్యలేదు. పటాలు కట్టే దుకాణంలో అంచులు అరగదీసిన చిన్న గాజు పలకలు ఆరు తెచ్చాము. ఒక్కొక్కదానిమీద వేజలైను పలుచగా రాశాము. మొదటిది కిటికీ దగ్గర. రెండవది నేలకు జానెడెత్తున, బల్ల కాలి పక్క. మూడవది కొండ కింద. నాలుగూ అయిదూ వంతెనమీద పక్కపక్కన. ఆరవది మూత ఉన్న డబ్బాలో పెట్టాము. డబ్బాలోది ఎందుకంటే, వేజలైనులోనే ఏమైనా నలుసులుంటే తెలియాలి గదా! పోల్చి చూసేందుకు అటువంటిది ఒకటి లేనిదే పరీక్ష పరీక్ష కాదు.

వంతెనమీద రెండు పలకలెందుకు? ఇది పెద్దపిల్ల ఆలోచన. ఆదివారం గది ఊడ్చేటప్పుడూ, ఆ తరవాత ఒక గంటసేపూ నాలుగవ పలకమీద గిన్నె బోర్లించాలి. అయిదవదానిని అట్లానే వదిలెయ్యాలి. మిగతా వారమంతా రెండూ తెరిచే ఉంచాలి. అప్పుడు రెంటికీ తేడా ఉంటే, ఆ తేడా చీపురుదే!

ఆ ఆదివారం డ్రైవరుగారిని కిందనే ఉంచి, పిల్లల తండ్రి ముక్కుకు మాస్కు కట్టుకుని ఊడ్చాడు. వారం తిరిగాక, అడుగున నల్ల కాగితం ఒకసారీ, తెల్ల కాగితం ఒకసారీ పెట్టి, భూతద్దంతో చూశాము.

డబ్బాలోని పలక శుభ్రంగా ఉన్నది. కిటికీ దగ్గరి పలకమీద ఎర్రని మట్టి కొంచెం ఉన్నది, నేననుకున్నంత లేదు. నేల దగ్గరి పలకమీద తెల్లని, బూడిదరంగు పొడి దట్టంగా పడింది. అది సిమెంటు! మేడ గది నేల పెళుసుబారి, నడిచినప్పుడల్లా పొడి రాలుతున్నది. కొండ కింది పలకమీద ఆకుపచ్చ పొట్టూ, ప్లాస్టరు పొడీ. మేము కట్టిన కొండే మామీద దుమ్ము పోస్తున్నది! ఇక వంతెనమీది రెండు పలకలు చూస్తే, గిన్నె బోర్లించినదానికీ బోర్లించనిదానికీ పోలికే లేదు. రెండవదాని నిండా సిమెంటు, పొట్టు, గుడ్డపోగులు, ఫ్యాను రెక్కల నల్లని మకిలి. గంటన్నరలో పడిన దుమ్ము మిగతా వారంలో పడినదానిని మించిపోయింది.

అంటే దుమ్మును వెళ్ళగొడుతున్నామనుకుంటూ, నేలమీది దుమ్మును లేపి వంతెనమీద పరుస్తున్నామన్నమాట. కిటికీలు మూయించి, అది బయటికి పోయే దారి కూడా నేనే మూయించాను!

ఒకసారి లేచిన దుమ్ము ఎంతసేపు గాలిలో ఉంటుంది? ఇందుకు లెక్క ఉన్నది. నీటికి ఉన్నంత సాంద్రతగల రేణువును తీసుకుందాం. గాలి కదలని గదిలో, మిల్లీమీటరులో పదోవంతు ఉన్నది రెండు మీటర్ల ఎత్తునుంచి పది సెకన్లలోపే కింద పడుతుంది. మిల్లీమీటరులో నూరోవంతు ఉన్నదానికి పదకొండు నిమిషాలు పడుతుంది. వెయ్యోవంతు ఉన్నదానికో? సుమారు 16 గంటలు! కంటికి కనబడని ఈ సన్నని రేణువులే ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. డ్రైవరుగారు ఊడ్చి, చీపురు మూలన పెట్టి, "అమ్మయ్య, శుభ్రమైంది" అని అక్కడే కూర్చుని రైలు నడిపేవారు. ఆయన కూర్చున్నది దుమ్ము నడుమనే.

దుమ్మును లేపటం కన్న పీల్చి పట్టుకోవటం మంచిదనే ఊహ ఎట్లా వచ్చిందో తెలుసా? అందులోనూ రైలే ఉన్నది. 1901 ప్రాంతంలో హ్యూబర్ట్ సిసిల్ బూత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, రైలు పెట్టెలు శుభ్రంచేసే ఒక కొత్త యంత్రాన్ని లండనులో చూశాడు. అది గాలిని ఊది దుమ్ము లేపేది. లేచిన దుమ్ములో చాలా భాగం మళ్ళీ అక్కడే పడేది. "ఊదే బదులు పీల్చరాదా?" అనుకున్నాడు బూత్. ఒక భోజనశాలలో కుర్చీ మెత్తమీద చేతిరుమాలు పరిచి, దానికి నోరానించి గట్టిగా గాలి పీల్చాడుట! రుమాలుకు అడుగున నల్లని మచ్చ పడింది. ఆ సంవత్సరమే ఆయన వాక్యూమ్ క్లీనరుకు పేటెంటు తీసుకున్నాడు. (మీరు మాత్రం నోటితో ఈ పరీక్ష చెయ్యకండి.)

ఇక మేము చేసిన పనులు వరసగా చెబుతాను. వరస ముఖ్యం. మొదట దుమ్ము పుట్టేచోటు మూయాలి. తరవాత వచ్చే దారి మూయాలి. ఆ తరవాత పడకుండా కప్పాలి. అప్పటికీ పడినదానిని లేపకుండా తియ్యాలి. చీపురు పట్టినవారు చివరి పనిని మొదట చేస్తారు!

పుట్టేచోట్లు రెండు తెలిశాయి. నేలకు సిమెంటు పూత వేయించి, ఎండాక నేలకు వేసే రంగు వేయించారు. ఆ వాసన పోయేవరకు డ్రైవరుగారిని పైకి రానివ్వలేదు. కొండమీది పొట్టుకు, తెల్లని వడ్రంగం జిగురును అంతే నీళ్ళతో కలిపి, ఒక చుక్క సబ్బునీరు చేర్చి, బొట్లు బొట్లుగా వేశాము. సబ్బు చేరితే జిగురునీళ్ళు పొట్టులోకి బాగా ఇంకుతాయి. ఆరినాక పొట్టు రాలలేదు. పట్టాల పక్కన పోసేందుకు గోదావరి ఇసుక తెచ్చి, పొయ్యబోయే ముందు అందులో అయస్కాంతం తిప్పాము. నల్లని రేణువులు గుత్తులుగా అంటుకున్నాయి. అది మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం. మోటారులో అయస్కాంతం ఉంటుంది గనక ఈ రేణువులు లోపలికి చేరితే మోటారు పాడవుతుంది. వాటిని ఏరేశాకనే ఇసుక పోసి, జిగురునీళ్ళతో అతికించాము.

తరవాత దారులు. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ కొట్టారు. కిటికీకి సన్నని వల బిగించారు. చెప్పులు మెట్లదగ్గరే విడిచి, తడి పట్టామీద కాళ్ళు తుడుచుకుని రావాలని నియమం పెట్టారు.

ఆ తరవాత కప్పు. మొదట పాత పంచె కప్పుదామన్నాను. పంచెనుంచే పోగులు రాలతాయని పెద్దపిల్ల నన్ను మళ్ళీ దిద్దింది! సన్నని ప్లాస్టిక్ పట్టా తెచ్చి కప్పాము. తీసేటప్పుడు విదిలించకుండా, అంచులనుంచి మధ్యకు మడుస్తూ తియ్యాలి. అప్పుడు పైన పడిన దుమ్ము మడతలోనే ఉంటుంది.

చివరకు శుభ్రం చెయ్యటం. నేలను తడిగుడ్డతోనే తుడవాలి. నీరు దుమ్మును పట్టుకుంటుంది, లేవనివ్వదు. ఫ్యాను రెక్కలకు పాత దిండు గలీబు తొడిగి తుడిస్తే మకిలి గలీబులోనే పడుతుంది. వంతెనకూ ఇళ్ళకూ మెత్తని కుంచె ఒక చేత్తో, వాక్యూమ్ క్లీనరు గొట్టం ఒక చేత్తో పట్టుకుని, దుమ్మును గొట్టంవైపు తొయ్యాలి. గొట్టం మూతికి పల్చని మేజోడు కట్టాలి. లేకుంటే బుల్లి ప్రయాణీకులు లోపలికి పోతారు! మామూలు క్లీనరు సన్నని దుమ్మును వెనకనుంచి తిరిగి వదిలిపెడుతుంది. అందుచేత యంత్రాన్ని తలుపు బయట పెట్టి, గొట్టం మాత్రమే లోపలికి తెచ్చాము. హెపా అనే వడపోత ఉన్నది దొరికితే ఇంకా మేలు. మిల్లీమీటరులో పదివేల భాగాలకు మూడు భాగాలంత రేణువులు పదివేలు వస్తే, 9,997 దానిలో చిక్కుకుంటాయి.

పట్టాలమీది మకిలిని, కరెంటు తీసేసి, పోగులు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొద్దిగా అద్ది తుడవాలి. ఇది మందుల షాపులో దొరుకుతుంది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది గనక పెద్దవాళ్ళే చెయ్యాలి, కిటికీ తెరవాలి, దగ్గర్లో దీపం ఉండరాదు. ఉప్పుకాగితం పేరెత్తరాదు!

ఇంకొక నియమం పిల్లలే పెట్టారు. శుభ్రం చేసేది శనివారం సాయంత్రం నాలుగు గంటలకు. డ్రైవరుగారు గదిలోకి వచ్చేది ఆదివారం ఉదయం పది గంటలకు. మధ్య ఎన్ని గంటలు? పద్ధెనిమిది. ఎందుకు అన్ని గంటలో మీకు తెలుసు.

నెల రోజులయాక మళ్ళీ పలకలు పెట్టాము. అన్నీ ఒక్కసారిగా అద్దాలై పోలేదు. కిటికీ దగ్గరి పలకమీద మట్టి ఇంకా కొంచెం ఉన్నది. నేల దగ్గరి పలక చాలా మెరుగు. కొండ కింద పొట్టు లేదు. వంతెనమీది రెండు పలకల్లో ఏది కప్పినదో, ఏది కప్పనిదో నేను చెప్పలేకపోయాను. అడుగున రాసిన అంకెలు చూడవలసి వచ్చింది.

డ్రైవరుగారి దగ్గు పోయిందా అని మీరు అడుగుతారు. లేదు. ఏళ్ళ తరబడి పీల్చిన పొగా పొడీ నెల రోజుల్లో పోవు. కాని ఆదివారం రాత్రులు వచ్చే ఆయాసం రావటం మానింది. పిల్లల తండ్రి ఆ పలకలను కాగితంలో చుట్టి డాక్టరుగారికి తీసుకుపోయి చూపించాడు. ఆయన భూతద్దం తెప్పించుకుని చూసి, "రోజుకు గంటసేపు కూర్చోవచ్చు. శుభ్రంచేసే రోజున మాత్రం వద్దు. ఆయాసం వస్తే వెంటనే నా దగ్గరికి రావాలి," అన్నాడు.

మరునాటి ఆదివారం అందరం మేడమీద చేరాము. చిన్నవాడు గోదావరిలోంచి రూపాయి తీశాడు. అందరం వంగి చూశాము. కింద వలయం కనబడలేదు. రూపాయి ఉన్నచోటా నీలమే, చుట్టూ నీలమే. వాడు రూపాయిని మళ్ళీ నదిలో వేశాడు. డ్రైవరుగారు కళ్ళజోడు సర్దుకుని మీట తిప్పారు. రైలు మొదటి ఖానా దాటింది, రెండు దాటింది, మూడోదానిమీద ఎవరమూ ఊపిరి పీల్చలేదు. దీపం మిణుకు మనలేదు. ఆరో ఖానా దాటి కొండ చాటుకు పోయింది.

"మిగతా యాభై ఊహించుకోండి," అన్నారు డ్రైవరుగారు.

మెట్లదగ్గరి అట్టపెట్టెలు చదరంగా మడిచి పాతసామాన్ల అబ్బాయికి ఇచ్చేశారు.

మీ ఇంట్లో బొమ్మరైలు లేకపోవచ్చు. పుస్తకాల బీరువా ఉంటుంది, తాతయ్యో బామ్మో పడుకునే గది ఉంటుంది. గాజు పలక బదులు పాత పలచని ప్లాస్టిక్ మూత అయినా సరే. వేజలైను రాసి, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి మంచం కింద, ఒకటి మూత ఉన్న డబ్బాలో వారంపాటు పెట్టి చూడండి. పెట్టేముందు, దుమ్ము ఎక్కడినుంచి వస్తున్నదని మీరు అనుకుంటున్నారో ఒక కాగితంమీద రాసుకోండి. వారం తరవాత పలక చెప్పినదానితో పోల్చండి. నాలాగా తప్పయితే సిగ్గుపడకండి; ఆ తప్పునే నాకు ముందుగా రాయండి. ఆయాసం ఉన్న పిల్లలు మాత్రం దులపటం, ఊడవటం పెద్దలకు వదిలి, భూతద్దం పని చూసుకోవాలి.

మీ ఉత్తరాలకోసం ఎదురుచూస్తూంటాను.

మీ హెడ్మాష్టరు తాతయ్య